సీతారామపురం దాకా వచ్చే బండి

షోరూములో సేల్స్‌మన్ తాళం తిప్పి, "బండి స్టార్టయింది సార్" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. అరికాళ్ళకు అదురు తగల్లేదు, ముక్కుకు డీజిల్ వాసన రాలేదు. కరెంటు బండి మరి! ఆత్మకూరులో అంత రద్దీ రోడ్డు పక్కన, చప్పుడు చేయని ఆ బండిలో కూర్చుంటే మస్తానయ్య గుర్తొచ్చాడు. ఆయనుంటే చెప్పులు విప్పి కాలు ఆనించి చూసి, "ఇదేందబ్బా, దీనికి ప్రాణముండాదా?" అని అడిగేవాడు. ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

మస్తానయ్య నా మొదటి యజమాని. ఆత్మకూరు నుంచి ఉదయగిరి మీదుగా సీతారామపురం దాకా పల్లె అంగళ్ళకు పప్పులు, నూనెలు, సబ్బులు వేసేవాడు. పదకొండేళ్ళు ఆయన బండి తోలాను. ఆయన పోయాక ఆ లైను నేనే నడుపుతున్నాను. ఇప్పుడు నా పాత డీజిల్ బండి ఇక కదలనని మొరాయించింది. కరెంటు బండికి ఖర్చు తక్కువ. అనంతసాగరం, అనుమసముద్రంపేట వరకు తిరిగితే హాయి. సరుకు వేసుకుని సీతారామపురం పోతే మాత్రం, తిరిగి రావడానికి ఛార్జింగు చాలుతుందో లేదో ఎవరూ ఖాయంగా చెప్పడం లేదు. మళ్ళీ డీజిల్ బండే కొంటే ఎక్కడికైనా పోతుంది గానీ నా సంపాదనంతా అదే తాగేస్తుంది. కరెంటుది తీసుకుంటే సీతారామపురం అంగళ్ళు వదిలేయాలేమో! నాలుగు రోజులుగా బుర్ర తిరిగిపోతోంది.

మస్తానయ్య దగ్గర పనిచేసేటప్పుడు ఒక ఎండాకాలం ఉదయగిరి దాటగానే క్లచ్ పోయింది. మిగిలింది మూడు అంగళ్ళే.

"వెనక్కి పోదామన్నా, రేపు చూసుకుందాం" అన్నాను.

"వస్తానని వాళ్ళకి చెప్పిందెవురు?"

"నువ్వే."

"చెడిపోయిందేంది?"

"బండి."

"బండేమన్నా మాటిచ్చినాదేందిరా?" అని ఒక ఆటోను పిలిచి, సరుకంతా అందులోకి ఎత్తించాడు. నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని తానూ ఎక్కాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం మనిషిరా బాబూ అనుకున్నాను.

అదే మనిషి తర్వాత కొత్త బండి కొనేటప్పుడు, చిన్నదా పెద్దదా తేల్చుకోలేక వారం రోజులు నలిగిపోయాడు. నేనడిగితే కసురుకున్నాడు. "నాకూ తెలవడం లేదబ్బా! తెలిసినట్టు నటించమంటావా?" ఆయనకన్నీ తెలుసనుకునేవాణ్ణి, అందుకే ఆ రోజు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. ఆ వారమంతా ఆయన అద్దె బండి మాట్లాడుకుని లైను తిరిగాడన్న సంగతి నాకిప్పుడే గుర్తొచ్చింది.

షోరూము బయటికొచ్చి, సీతారామపురంలో మా ఆఖరి అంగడి నడిపే రమణమ్మక్కకు ఫోన్ చేసి నా గోడంతా చెప్పుకున్నాను.

"మా ఇంట్లో ప్లగ్గుండాది గదా, పెట్టుకో" అంది. "కరెంటు లేకపోతే అన్నం తిని కూర్చో, వచ్చినాక పోదువు."

అక్కడ కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. ఆమె మాటతో నా తికమక ఇంకొంచెం పెరిగింది. అద్దం వెనక సేల్స్‌మన్ రెండు బండ్ల కాగితాలూ పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"ఇంతకీ శుక్రవారం వస్తావా రావా? అది చెప్పు" అంది రమణమ్మక్క.

ఏ బండో నాకింకా తెలియదు.

"వస్తానక్కా" అన్నాను.