మనసుపడ్డవాడు చాయ్‌కి పోవాలి

పాత సామానుకు ధర చెప్పమని నన్ను అడిగేవాళ్ళు మిర్యాలగూడలో ఇప్పటికీ ఉన్నారు. రైస్‌మిల్లుల్లో మిషన్లు బాగుచేస్తూ ఇంతకాలం గడిపాను కాబట్టి నాకు తెలియని ఇనుము ఉండదని వాళ్ళ నమ్మకం. కొందరు ఫోన్‌లో ఫోటో పంపించి ఎంతొస్తదని అడుగుతారు. వాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఫోటో చూసి వంకాయలు కూడా కొనం, బెంచి వైస్‌కు ధర ఎట్లా కడతాం? వైస్ అంటే ఫిట్టర్ బల్ల మీద బోల్టులతో బిగించి ఉండే ఇనుప దవడలు. ఆకురాయితో రాకాలన్నా, రంపంతో కోయాలన్నా వస్తువును ముందు అదే పట్టుకోవాలి. దాని హ్యాండిల్ తిప్పి చూడాలి, లోపలి మర ఎంత అరిగిందో చేతికి తెలియాలి. ఇవేవీ లేకుండా, ఎవరో ఎక్కడో పాత వైస్‌ను బంగారం ధరకు అమ్మారని ఫోన్‌లో చూసి నా దగ్గరికి వస్తారు. కసిరి పంపిస్తాను.

ధర కట్టడం నాకు నేర్పింది నా భాగస్తుడు. కోదాడలో హైవే పక్కన రేకుల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని ఇద్దరం కలిసి పని మొదలుపెట్టాం. అతనిది పాలకీడు వైపు. నాకంటే మూడేళ్ళు చిన్నవాడు, నన్ను అన్న అనేవాడు. కానీ ఆ ఒక్క విద్యలో మాత్రం నాకు గురువు.

"తుక్కు ధర నేల అనుకో అన్నా, కొత్తదాని ధర కప్పు అనుకో. పాతదాని ధర ఈ రెండిటి నడుమ ఏడనో నిలబడి ఉంటది. నేల కంటె కిందికి పోతె దొంగతనం, కప్పు దాటితె పిచ్చి. ఆడ నిలబడ్డదాన్ని ఎతికి పట్టుకోవాలె, గంతే" అనేవాడు.

ఆ సంగతి చుట్టుపక్కల తెలిసి, నేరేడుచర్ల నుంచీ మఠంపల్లి నుంచీ కూడా పాత పనిముట్లు పట్టుకుని మా షెడ్డుకు వచ్చేవారు. ఒకసారి ఒక ముసలాయన చేత్తో తిప్పే పాత డ్రిల్లు తెచ్చాడు. పిడికి నున్నటి కర్ర, పళ్ళ చక్రాలు ఒక్కటీ విరగలేదు. చూడగానే నా మనసు దాని మీద పడింది. నాకు తెలియకుండానే నోట్లోంచి తక్కువ ధర వచ్చేసింది. ముసలాయన సరేనన్నాడు. నా భాగస్తుడు మాత్రం ఆయన ఎదుటే ఇంకో రెండొందలు కలిపి చేతిలో పెట్టి, ఆయన వెళ్ళాక నా మీద లేచాడు.

"మనసుపడ్డోడు ధర కట్టొద్దన్నా. కండ్లు మసకబడ్తయి. ఇగ నుంచి ఎవనికి మనసైతె ఆడు లేసి చాయ్‌కి పోవాలె. షెడ్డుల ఉన్నోడు ధర కడ్తడు. తిరిగొచ్చి ఆ ధరకు తీసుకోవాలె, మారు మాట్లాడొద్దు."

అట్లా అది మా ఇద్దరి మధ్య కట్టుబాటు అయింది. ఏదన్నా వస్తువు ముందు నిలబడి ఒకడు "చాయ్ తాగొస్త" అన్నాడంటే రెండోవాడికి అర్థమయ్యేది, ఇది వీడికి కావాలని. అతని పెళ్ళిచూపులకు జగ్గయ్యపేట పోయినప్పుడు పెద్దమనిషిగా నన్నే తీసుకుపోయాడు. పిల్ల వచ్చి కూర్చుంది. రెండు నిమిషాలు కాకముందే ఇతను లేచి "చాయ్ తాగొస్తనన్నా" అని బయటికి నడిచాడు. పిల్ల తండ్రి బిత్తరపోయాడు. ఇంట్లో చాయ్ పెడుతుంటే బయటికి పోవడమేమిటని ఆయనకు చిన్నతనం కూడా అయింది. నేను నవ్వాపుకోలేక, పిల్ల మావాడికి నచ్చిందండీ అని చెప్పి, అసలు సంగతి వివరించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పిల్లనే చేసుకున్నాడు. ఆమె నన్ను అన్నయ్యా అంటుంది.

మా వైస్ మిర్యాలగూడలో మూతపడిన ఒక పాత రైస్‌మిల్లు నుంచి వచ్చింది. విలాయతి సరుకు, ఆరంగుళాల దవడలు. బిగిస్తే సిగరెట్ కాగితం కూడా జారదు. ఇద్దరం కలిసి కొన్నాం. దాని ముందు ఎదురుబొదురుగా నిలబడి పదకొండేళ్ళు పనిచేశాం. ఒకడు రాకుతుంటే ఇంకొకడు నూనె చుక్క వేసేవాడు. నా చేతికి వచ్చిన పనంతా దాని మీదే వచ్చింది.

తర్వాత విడిపోయాం. మిల్లులన్నీ మిర్యాలగూడలో ఉన్నాయి, అక్కడికి పోదామని నేను. కోదాడ వదిలి రానని అతను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను. మాటా మాటా పెరిగింది. చివరికి సామాను పంచుకుందామన్నాను. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పెద్దవాడు పాలు, అంటే వాటాలు, పెట్టాలి, చిన్నవాడు కోరుకోవాలి. మా వైపు పద్ధతి అది. పాలు పెట్టినవాడికి కోరుకునే హక్కు లేదు.

నేను పాలు పెట్టాను. ఒక పక్క వైస్ ఒక్కటే. ఇంకో పక్క డ్రిల్లింగ్ మిషను, వెల్డింగ్ సెట్టు, గ్రైండరు, మిగతా సామానంతా. మతి ఉన్నవాడెవడైనా మిషన్లే కోరుకుంటాడు, వైస్ నాకు మిగులుతుంది. ఇదీ నా తెలివి. అతను రెండు కుప్పల వంకా చాలాసేపు చూశాడు. నా మొహం కూడా చూశాడు. తర్వాత పోయి వైస్ మీద చెయ్యి వేసి "నాకిది సాలన్నా" అన్నాడు.

కావాలనే తీసుకున్నాడనుకున్నాను. నా కడుపు కొట్టాడనుకున్నాను. మాట్లాడకుండా మిషన్లు ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వచ్చేశాను. ఆ మిషన్లతోనే మిర్యాలగూడలో నా ఇల్లు నిలబడింది, పిల్లలు చదువుకున్నారు. అతను ఆ ఒక్క వైస్‌తో చిన్నా చితకా పనులు చేసుకుంటూ కోదాడలోనే ఉండిపోయాడు. ఈ లెక్క నాకు చాలా ఏళ్ళు తట్టలేదు. తట్టిన తర్వాత కూడా ఫోన్ చేయలేదు. పెళ్ళిళ్ళలో కనిపిస్తే బాగున్నవా అంటే బాగున్నవా అనుకునేవాళ్ళం.

కిడ్నీలు పాడై రెండేళ్ళు మంచాన పడ్డాడు. ఒకసారి దవాఖానకు పోయి చూశాను. వానల గురించి, సాగర్ నీళ్ళ గురించి మాట్లాడుకున్నాం. వైస్ మాట ఇద్దరం ఎత్తలేదు. పోయిన ఏడు అతను పోయాడు.

మొన్న ఎండాకాలంలో అతని భార్య ఫోన్ చేసింది. "షెడ్డు ఖాళీ చేస్తున్నానన్నయ్యా. సూర్యాపేట నుంచి లేత్ షాపు ఆయన వైస్ కోసం వస్తానన్నాడు. ఒకాయనేమో తుక్కు కింద వెయ్యి రూపాయలిస్తానంటాడు, ఇంకొకాయనేమో పాతికవేలు చేస్తుందంటాడు. నాకేం తెలుసు? మీరొచ్చి ధర్మంగా ఎంత చేస్తుందో చెప్పండి. మీ మాట ప్రకారం ఇచ్చేస్తాను."

బ్యాంకులోంచి పది వేలు తీసి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. నేరేడుచర్ల దాటేదాకా ఒకటే ఆలోచన. ధర కడతాను, దాని మీద ఇంకో రెండు వేలు వేసి నేనే తీసుకుంటాను. హుజూర్‌నగర్ వచ్చేసరికి ఆ ఆలోచన పులిసిపోయింది. ధర కట్టినవాడు కొనకూడదు. మనసుపడ్డవాడు చాయ్‌కి పోవాలి. కానీ నేను చాయ్‌కి పోతే షెడ్డులో ధర కట్టే రెండోవాడు ఏడీ? ఆ కట్టుబాటుకు ఇద్దరు కావాలని అప్పుడు తెలిసింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, ఈ వయసులో, కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

షెడ్డులో ఆమె, సూర్యాపేట మనిషి నా కోసం చూస్తున్నారు. వైస్ మా బల్ల మీదే ఉంది. చిన్న సుత్తితో మెల్లగా తట్టాను. పగుళ్ళుంటే బొంగురుగా పలుకుతుంది. ఇది నిండుగా మోగింది. దవడలు దగ్గరికి తెచ్చి వెనక నుంచి వెలుతురు చూశాను. గీత కూడా లేదు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే పావు చుట్టు మాత్రం ఊరికే తిరుగుతోంది, అంత పాతదానికి అది లెక్కలోది కాదు. ఐదు వేలు తక్కువ కాదనిపించింది.

అయితే లోపల ఒక సంగతి ఉంది. ఒకప్పుడు తుప్పుపట్టిన షాఫ్టు ఒకటి ఊడక, కోపం పట్టలేక, దవడలు ఇంకా బిగిద్దామని హ్యాండిల్‌కు పొడుగాటి పైపు తొడిగి బలమంతా పెట్టాను. లోపల మర తిరిగే నట్టు పగిలింది. నా భాగస్తుడు దాన్ని విప్పి సూర్యాపేట తీసుకుపోయి, ఇత్తడి పోయించి అతికించి తెచ్చి, నన్ను ఒక్కమాట అనకుండా మళ్ళీ బిగించాడు. ముందు దవడ పూర్తిగా ఊడదీసి లైటు వేసి చూస్తే తప్ప ఎవరికీ కనపడదు.

చెప్పకపోతే ఆమెకు ఇంకో వెయ్యి వస్తుంది, కొనేవాడు మోసపోతాడు. చెబితే ధర తగ్గుతుంది. తగ్గించి నేనే తీసుకుంటే, ఆడమనిషి ఒంటరిగా ఉందని అగ్గువకు కొట్టేసినవాణ్ణవుతాను. మింగలేను, కక్కలేను. ఆమె నా నోటి వంకే చూస్తోంది. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "లోపల నట్టుకు అతుకు ఉన్నది. నేనే పగలగొట్టిన. నాలుగు వేలు. ఇగ ఇటు రూపాయి లేదు, అటు రూపాయి లేదు."

సూర్యాపేట మనిషి దవడ ఊడదీసి టార్చి వేసి చూసుకున్నాడు. "గింత నిజం చెప్పెటోళ్ళున్నరా ఇంక" అని నవ్వి, నాలుగు వేలు ఆమె చేతిలో పెట్టాడు. బోల్టులు విప్పడానికి నేనే సాయం పట్టాను. వైస్ ఎక్కించిన ఆటో కదిలేదాకా నా జేబులో పది వేలు అట్లాగే ఉన్నాయి.

ఆమె షెడ్డు తలుపు దగ్గరికి లాగుతూ, "పోనీలెండి అన్నయ్యా, మీకు దాని మీద ఆశ లేదని తేలిపోయింది. నాకూ మనసు కుదుటపడింది" అంది.

అదేంటి అన్నాను.

"ఆయన మంచంలో ఉన్నప్పుడు చెప్పారు. అన్నను పిలిచి ధర కట్టమను. అన్నకు కావాల్నంటె ధర కట్టడు, లేసి చాయ్‌కి పోతడు. గట్ల పోతె పైస తీసుకోకు, వైస్ ఇంటికి పంపియ్యి. ధర కట్టిండంటె మాత్రం మనసు లేనట్టే, అమ్ముకో అన్నారు. మీరేమో రాగానే సుత్తి పట్టుకున్నారు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అతను అడగకుండా పెట్టడానికి కూడా దారి వేసి పోయాడు. నేను ఆ దారి తొక్కలేదు. ఆమెకు మాత్రం "నాకెందుకమ్మా, ఇంట్ల రెండున్నయి" అని చెప్పాను. నా దగ్గర ఉన్న రెండూ కొత్తవి, వాటి మీద పని చేసినా చేసినట్టుండదు. బస్సులో వస్తుంటే అతను లేడన్న సంగతి అతను పోయిననాటికంటే ఎక్కువ తెలిసింది.

వారం ఓపిక పట్టి, సూర్యాపేట పోయాను. లేత్ షాపులో వైస్‌ను వాకిలి వెలుతురు పడేచోట బల్లకు బిగించారు. ఆ మనిషి దాంట్లో ఇత్తడి బుష్ పెట్టి రాకుతున్నాడు. బాగానే రాకుతున్నాడు, వంక పెట్టడానికి లేదు. నన్ను చూసి స్టూలు జరిపాడు. కూర్చోలేదు.

"నాకది కావాలె" అన్నాను. ఈ మాట ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. ముక్కూ మొహం తెలియనివాడితో అనడానికి ఇంత దూరం వచ్చాను.

"ఎంతిస్తవ్ పెద్దాయనా?"

"ధర నువ్వే చెప్పు. దానికి నేను కట్టలేను."

అతను ఆకురాయి పక్కన పెట్టి నవ్వాడు. "మొన్న నిలబడి కట్టింది నువ్వేనాయె. ఇయ్య పెద్దాయనా, నా పనంత దీని మీదనే నడుస్తున్నది. ఎంతిచ్చినా ఇయ్య." నా మొహం చూసి నవ్వు మానేశాడు. "గంత మనసుంటె గప్పుడే అడిగి తీసుకోకపోతివి?"

అడగవలసింది ఆ అమ్మను కాదు. అడగవలసిన మనిషి నా ఎదురుగా, వైస్‌కు అటు పక్క, పదకొండేళ్ళు నిలబడి ఉన్నాడు. సామాను పంచుకున్న రోజున కూడా నా మొహంలోకి చూసి, నేను అడుగుతానేమోనని చాలాసేపు ఆగాడు. అది ఇతనికి ఎట్లా చెప్పేది?

"ధరైతె సరిగ్గనే కట్టిన గద" అని, మిర్యాలగూడ బస్సు కోసం బస్టాండు వైపు నడిచాను.