కొత్త టైలరు

వీధిలోకొచ్చి పద్దెనిమిదేళ్లయినా అతను ఇంకా 'కొత్త టైలరే'. పాత టైలరు పోయి పదిహేడేళ్లు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, నోట్లో గుండుసూదులు. మాట్లాడాలంటే ముందు అవి తియ్యాలి, ఈలోగా అవతలివాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోతారు. ఎవరి భుజం వాలిందో, ఎవరి పొట్ట పెరిగిందో ఇంట్లోవాళ్లకంటే ముందు అతనికే తెలుస్తుంది. ఈ ఏడు వీధి మగాళ్లంతా ఒకే రంగు చొక్కాలేసుకుని ఫోటో దిగాలనుకున్నారు. ముప్ఫై ఒక్కమంది కొలతలిచ్చారు. "మరి నాకు?" అందామనుకున్నాడు, నోట్లో సూదులున్నాయి. మిగిలిన ముక్కలన్నీ అతికి, జేబు లేకుండా తనకీ ఒకటి కుట్టుకుని, ఆ రోజు అందరికంటే ముందే వెళ్లి నిలబడ్డాడు.

"ఎవరిదయ్యా ఆ చొక్కా? నువ్వేసుకుని మాపేస్తున్నావు!" అంది మూలింటి మామ్మ.

"నాదే మామ్మా."

"నీదా! చెప్పవేం మరి? వెళ్లి వాళ్ల పక్కన నిలబడు... ఆగాగు, ముందు ఈ ఫోన్ పట్టుకుని ఒక ఫోటో తీసిపెట్టు. మనవాళ్లు ఒక్కరు కూడా తప్పిపోకూడదు."

తీశాడు. తెర మీద ముప్ఫై ఒక్క కాలర్లూ తిన్నగా, ముచ్చటగా కుదిరాయి. ఒక్కటైనా వంకరపోయి ఉంటే బావుండేదనిపించి అతని ఒళ్లు మండిపోయింది.