గోడ దగ్గర ఆగని జ్ఞానులు

అక్క అంటే నాకు తోడబుట్టినది కాదు, తోటికోడలు. బట్టలు కుట్టేది. నోరు కత్తెర కంటే పదును. ఆమెను గయ్యాళి అన్నవాళ్ళందరూ పండుగ వస్తే బట్టలు పట్టుకుని ఆమె గుమ్మంలోనే నిలబడ్డారు. అందుకే ఆ మాటను నేను లెక్కచేయను.

మా మామగారు వడ్రంగి. క్రిస్మస్‌కు పెట్టే పశువుల పాకను, అందులోని బొమ్మలన్నిటినీ తన చేత్తోనే చెక్కారు. ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. క్రిస్మస్ నాడు, నక్షత్రాన్ని చూసి పాకలోని బిడ్డను వెతుక్కుంటూ వచ్చిన ముగ్గురు జ్ఞానుల బొమ్మలు, వాళ్ళ ఒంటె వంటింటి కిటికీలోంచి బయలుదేరేవి. రోజూ కొంచెం కొంచెం జరుపుతూ, జనవరి మొదట్లో వచ్చే జ్ఞానుల పండుగకు వాటిని ముందుగదిలోని పాక దగ్గరకు చేర్చేవాళ్ళం. అప్పుడు మామగారు గుమ్మం పైన సుద్దతో సిలువ గీసి, కొత్త ఏడాది అంకె వేసి, అక్కడ వేలాడదీసిన నక్షత్రం దింపేవారు. జ్ఞానులు చేరందే మా ఇంట్లో పండుగ ముగిసేది కాదు.

ఆయన పోయిన ఏడాదే అన్నదమ్ములిద్దరూ పనిముట్ల కోసం పోట్లాడుకుని ఇంటి నడుమ గోడ లేపారు. బొమ్మల పెట్టెలు రెండుంటే, విప్పి చూడకుండానే చెరొకటి పట్టుకుపోయారు. అంత తెలివి! డిసెంబరులో విప్పితే పాక, తల్లి, బిడ్డ మా వైపు. జ్ఞానులు, ఒంటె వాళ్ళ వైపు.

"ఇచ్చేది లేదు," అన్నారు మా బావగారు. "అడిగేది లేదు," అన్నారు మా ఆయన. ఇద్దరు పట్టిన కుందేళ్ళకూ మూడే కాళ్ళు.

అక్క ఎవరినీ అడగలేదు. తన వంటింటి కిటికీలో జ్ఞానులను నిలబెట్టి నడిపించింది. వాళ్ళు గోడ దాకా వచ్చారు. గోడ కట్టారు గానీ మాటలకు అడ్డు కట్టలేకపోయారు, అన్నీ ఇవతలికి వినిపించేవి.

"ఇంక ఆపు. వాళ్ళ దారి అంతవరకే."

"గోడ చూసి వెనక్కి తిరగడానికి వాళ్ళేమన్నా మీలాంటి అన్నదమ్ములా?"

మర్నాడు జ్ఞానులు వాళ్ళ గుమ్మం మెట్టు మీద ఉన్నారు. ఆ తరువాత వీధిలో, దీపస్తంభం కింద. పట్టపగలు! ఎదురింటి ముసలావిడ "ఎక్కడిదాకా వచ్చారమ్మా?" అని రోజూ వాకబు చేయసాగింది. బావగారికి తల కొట్టేసినట్టయింది. పండుగ ముందురోజు బొమ్మలను పనిముట్ల పెట్టెలో పడేసి తాళం వేశారు.

"ఇప్పుడు నడిపించు, చూస్తాను!"

అటునుంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది.

పండుగనాడు పొద్దున మా తలుపు కొట్టింది. కిటికీలోంచి చూశాను. ఆమె చేతుల్లో మూడు ఖాళీ దారపు రీళ్ళు. ఒకదానికి ఎర్రపట్టు అంగీ, ఒకదానికి నీలం, ఒకదానికి పసుపు. గుండుసూదులతో కిరీటాలు.

"తీయకు," అన్నారు మా ఆయన. "తీస్తే మనం ఓడినట్టే."

"ఓడితే మీరు ఓడండి. నేను పందెం కాయలేదు," అని గడియ తీశాను.

అక్క తిన్నగా పాక దగ్గరకు పోయి రీళ్ళను బిడ్డ ఎదుట నిలబెట్టింది. గోడ వైపు తిరిగి గొంతు పెంచింది. "మీ నాన్నగారి పాకలో దారపు రీళ్ళు భలే కుదిరాయండీ!"

అవతల తాళం తీసిన చప్పుడైంది. బావగారు బొమ్మలను గుండెకు హత్తుకుని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా వచ్చిపడ్డారు.

"మా నాన్న చేతిపని పక్కన ఈ చెత్తా? తీయ్!"

అన్నాక గానీ తానెవరి ఇంట్లో ఉన్నదీ చూసుకోలేదు. మా ఆయన కళ్ళు ఒంటె మీద పడ్డాయి.

"దాని కాలేమైంది?"

"చిన్నప్పుడు నువ్వు విరగ్గొట్టిన కాలే, మళ్ళీ ఊడిందిరా. అప్పుడు దెబ్బలు నేను తిన్నాను."

"అతికించొచ్చుగా?"

"జిగురు డబ్బా నీ వాటాకు పోయింది."

మా ఆయన వెళ్ళి జిగురు తెచ్చారు. ఈలోగా అక్క స్టూలెక్కి, బట్ట మీద గీతలు గీసే సుద్దతో మా గుమ్మం పైన సిలువ గీసి ఏడాది వేసింది.

"అది మగవాళ్ళ పని," అన్నారు బావగారు.

"మగవాళ్ళు గోడలు కట్టడంలో ఉన్నారు కదా," అని నక్షత్రం కూడా తనే దింపింది.

గోడ ఇప్పటికీ ఉంది. కట్టినవాళ్ళు పోయారు, అక్కా పోయింది. బొమ్మలన్నీ ఒకే పెట్టెలో పెట్టుకుందామని పిల్లలు అడిగారు. కుదరదన్నాను. జ్ఞానులు అక్క ఇంటి నుంచి వీధిలోంచే రావాలి, అందరూ చూస్తుండగా. రీళ్ళూ వెంట వస్తాయి.

మొన్న కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు వంగి చూసి, "జ్ఞానులు ముగ్గురే కదమ్మా, ఈ ఆరుగురేమిటి?" అన్నారు.

"వచ్చినవాళ్ళను వెనక్కి పంపే ఇల్లు కాదండీ ఇది. మీరు కాస్త పక్కకు జరగండి, ఒంటె రావాలి," అన్నాను.