వార్డెనమ్మ ముందు నా నిష్ఠ

ఈ మధ్య నర్సుల హాస్టల్ వరండాలో నిలబడి నేనేం చెప్పానో వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టేస్తారు. నా భార్య కడుపుతో ఉంటే అందుకు కారణం నేను కాదని చెప్పాను. నా నోటితోనే.

నేను ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటు పనుల్లో టైమ్ కీపర్‌ని. మా సుగుణ బెజవాడలో నర్సు ట్రైనింగ్ చేస్తోంది. పిల్లవాడు మైలవరంలో అత్తగారి దగ్గర ఉంటాడు. ట్రైనింగ్‌లో కడుపొస్తే ఇంటికి పంపేస్తారు, సీటు పోతుంది. అందుకని ఎర్ర త్రికోణం బొమ్మ ఉన్న నిరోధ్ పొట్లం నా గదిలో ఎప్పుడూ ఉండేది. ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, ఆ శ్రమల దినాలు రాగానే ఈస్టరు దాకా నిష్ఠగా ఉంటానని తీర్మానం చేసుకుని, దాన్ని మా మేస్త్రీకి ఇచ్చేశాను. ఎదురుగా ఉంటే మనసు అటు పోతుందని. నిగ్రహం గురించి అతనికి నాలుగు మంచి మాటలు కూడా చెప్పాను.

ఆ శనివారమే సుగుణ మైలవరం బస్సు తప్పిపోయి నా గదికి వచ్చింది. తనని చూసి నెల దాటింది. నేను వేసుకున్న చొక్కాకే ఊడిన గుండీ కుట్టింది. దారం కొరకడానికి నా గుండెల దగ్గరికి తల వంచింది. ఇంకేముంది, నిష్ఠా లేదు, పొట్లమూ లేదు.

తెల్లారి భయం పట్టుకుంది. బజారుకెళ్లి బొప్పాయి తెచ్చాను.

"ఇటివ్వండి, పిల్లాడికి పట్టుకెళ్తాను. దీంతో కడుపు రాకుండా ఆగేటట్టయితే మాకు ఈ చదువులెందుకు?" అంది సుగుణ.

సోమవారం ఇద్దరం లేడీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం.

"ముందు జాగ్రత్త ఏమీ లేదా?" అని అడిగారావిడ.

"మేస్త్రీకి ఇచ్చేశానండి."

ఆవిడ కలం కింద పెట్టి, మళ్లీ తీసుకున్నారు. "మాత్రలు రాస్తాను. వెంటనే మొదలుపెట్టి ఐదు రోజులు వేసుకోవాలి. వాంతులవుతాయి. తప్పక పనిచేస్తాయని మాటివ్వలేను. ఇది అస్తమానం వాడే మందు కాదు బాబూ."

వాంతులయ్యాయి. మెస్సులో, అందరి ముందు. వార్డెనమ్మ నాకు కబురు పెట్టింది. ఆవిడ మా చర్చి మనిషే.

"సంతోషమే గానీ, రూలు రూలే. పెట్టె సర్దించి తీసుకెళ్లండి" అంది.

సుగుణ సీటు పోతుందన్న కంగారులో, "కడుపేమిటండీ, నేను శ్రమల దినాల్లో నిష్ఠగా ఉన్నాను" అనేశాను.

వార్డెనమ్మ మెల్లగా సుగుణ వైపు తిరిగింది. "అయితే ఎవరమ్మా?"

సుగుణ నా వంక చూసింది. "చెప్పండి. మేస్త్రీ దగ్గర్నుంచి మొదలుపెట్టండి."

చెప్పాను. గుండీ, బొప్పాయి, మాత్రలు, అన్నీ. వార్డెనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గొచ్చిందేమో అనుకున్నాను. చివరికి, "నెలసరి సంగతి తేలేదాకా ఉండనిస్తాను" అంది. కొన్నాళ్లకు నెలసరి వచ్చింది. సీటు నిలిచింది.

ఇప్పుడు ఆదివారాలు ఆ వరండాలోనే కలుసుకుంటున్నాం. నాకొక బెంచీ, సుగుణకొక బెంచీ, మధ్యలో కుర్చీ వేసుకుని వార్డెనమ్మ. "తిన్నారా?" అని అడుగుతుంది సుగుణ. "తిన్నాను" అంటాను. అంతకన్నా ఏం మాట్లాడినా గొంతు మారిపోతుంది.

మొన్న మెస్సు వంటామె సుగుణకి నన్ను చూపించి, "మీ ఆయన ఎంత బుద్ధిమంతుడమ్మా, గంట నుంచి కూర్చున్న చోటు కదల్లేదు" అంది.

కదిలితే ఆ రెండో బెంచీ దగ్గరికే పోతానని నా భయం.