పక్క చుక్క మసకబారింది

కొన్నేళ్లుగా ఒక అబద్ధం నా గుండె మీద కూర్చుని ఉంది. నాకు అబద్ధాలు కొత్తా అంటారేమో. నరసరావుపేటలో నా కళ్లద్దాల కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మంది నా కోతలు వినడానికే వస్తారు. ఆ కోతలు ఎవరినీ ఏమీ చేయలేదు. ఇది చేసింది.

మేడ మీద నాకొక టెలిస్కోపు ఉంది. ఎక్కడో ఒక నక్షత్రం కాంతి కాస్త తగ్గిందని గ్రహాలను వెతికే ఉపగ్రహం గుర్తిస్తుంది. గ్రహం అడ్డం వచ్చిందేమో. కానీ దగ్గరదగ్గరగా ఉన్న చుక్కలు దానికి ఒకటిగా కలిసిపోయి కనిపిస్తాయి. మసకబారింది అసలు చుక్కా, పక్క చుక్కా? అది నేల మీది నుంచి నాలాంటివాళ్లు తేల్చాలి.

మెర్సీ వెల్దుర్తిలోని నా స్నేహితుడి కూతురు. గ్రహాల మీద పరిశోధన చేస్తోంది. ఒక చుక్కను చూసిపెట్టమంది. నేను చూడకముందే బజారంతా చాటాను, కొత్త లోకం దొరికిందని, అక్కడ మిరపకాయలు చెట్టు మీదే ఎండిపోతాయని. టీ కొట్టు మస్తాన్ ఆ గ్రహానికి నా పేరే పెట్టేశాడు.

ఆ సాయంత్రం చీకటి పడగానే చూశాను. అసలు చుక్క కాంతి ఎలా ఉన్నదో అలాగే ఉంది. తగ్గింది పక్క చుక్కది. దాని చుట్టూ ఒక బుల్లి నక్షత్రం తిరుగుతూ దాన్ని కప్పుతోంది, అంతే. అదీ ఒక నిజమే కదా? అదే రాసి పంపితే సరిపోయేది. మరి బజారుకు ఏ మొహం చూపించాలి? కంప్యూటర్‌లో కాంతి కొలిచే వృత్తాన్ని పెద్దది చేశాను, రెండు చుక్కలూ అందులో పడేలా. తగ్గుదల అసలు చుక్కదైపోయింది. అదే పంపేశాను.

మెర్సీ ఫోను చేసింది.

“బాబాయ్, నీ కోతలు పక్కనబెట్టి చెప్పు. పక్క చుక్కను విడిగా కొలిచావా?”

“కొలిచానే తల్లీ. కొండవీటి కోట మీద ఒట్టు.”

“కోట మీద ఒట్టేంది బాబాయ్! అది ఎప్పుడో కూలిపోయింది గదా!”

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులో అబద్ధం దాటిపోయింది.

నన్ను నమ్మి పెద్ద టెలిస్కోపు మీద సమయం అడిగి తెచ్చుకుంది. గ్రహం ఉంటే దాని లాగుడుకు నక్షత్రం కాస్త ఊగాలి. ఊగలేదు. కొలవడం చేతకాలేదని గైడు అందరి ముందూ అన్నాడట. ఆమె నన్ను అనుమానించలేదు. తనను తాను అనుమానించుకుంది. నేనేం చేశాను? పోన్లే తల్లీ అని ఓదార్చాను.

ఎందుకు చెప్పలేదు? పరువు కోసమా? అదొక్కటే అయితే బాగుండును. నా కోతలకు పగలబడి నవ్వే ఆ పిల్ల, ఈ ఒక్కటీ తెలిస్తే ఇక నేను ఏం చెప్పినా నవ్వదేమోనన్న దిగులు, ఆమె చదువు కంటే నాకు ఎక్కువైందన్నది ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

నిన్న మళ్లీ ఫోను చేసింది. అదే చుక్కకు మరోసారి పెద్ద టెలిస్కోపు అడుగుతోందట. “ఈసారి నా తప్పు దిద్దుకుంటా బాబాయ్” అంది. కొట్లో కూర్చుని ఒకరి కళ్లద్దాలు ఇంకొకరికి ఇచ్చి పంపాను.

ఈ ఉదయం టెలిస్కోపుతో తీసిన ఆనాటి ఫొటోలన్నీ ఆమెకు పంపాను. కింద ఒక్క వాక్యం: గ్రహం లేదు, నాకు ఆ రోజే తెలుసు.

చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు వస్తుందో రాదో. కానీ చదివేసింది; చెరిపేసినా ఇక ఆ మాట వెనక్కి రాదు. ఊపిరి కొంచెం ఆడుతోంది.