ఏడుపు రావడం లేదని తీసుకొచ్చాడు

యూనివర్సిటీ విద్యార్థులకు కౌన్సెలింగ్ చేయడం నా ఉద్యోగం. ఈ రోజు మధ్యాహ్నం కంబదూరు వైపు నుంచి ఒక రైతు వచ్చి, హాస్టల్లో ఉంటున్న కూతుర్ని నా గదికి తీసుకొచ్చాడు. పేర్లు చెప్పను.

"వాళ్ళమ్మ పోయి మూడు నెల్లాయమ్మా. ఈ పిల్ల ఒక్కతూరి గూడా ఏడ్సలేదు. మీరే ఎట్లన్నా చేసి ఏడిపించల్ల" అన్నాడు.

అమ్మాయి తల వంచుకుని కూర్చుంది.

"మరి మీరు ఏడ్చారా?" అని ఆయన్నే అడిగాను.

"నాకు యాడ తీరిందమ్మా? చెనక్కాయ పీకే పనుండె."

అప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి నోరు తెరిచింది. "నువ్వు ఏడుస్తావేమోనని సూస్తాండా నాయనా. నువ్వు ఏడిస్తే నేనూ ఏడుద్దామని."

ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "పా పాపా, రొండు దినాలు ఇంటికి పోదాం" అని లేచాడు. ఇద్దరూ బస్సుకు వెళ్ళిపోయారు.

నాకేమీ అనిపించలేదు. రిజిస్టర్‌లో తేదీ వేసి, తర్వాతి విద్యార్థిని పిలిచాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఇప్పటికీ ఏమీ అనిపించడం లేదు. ఏడవడం తప్పు కాదని రోజూ పదిమందికి చెప్పే నాకు, చివరిసారి ఎప్పుడు ఏడ్చానో గుర్తు రావడం లేదు.

మీకు గుర్తుందా?