సీసాకు మెడ ఎక్కడ?

1986. పావగడ తాలూకా ఆఫీసు ఎదురుగా నా జాబ్ టైపింగ్ అంగడి. జాబ్ టైపింగ్ అంటే ఎవరి కష్టాన్నైనా కార్బన్ కాపీలతో సహా కొట్టి ఇవ్వడం. కష్టం వాళ్లది, వేళ్ల నొప్పి నాది.

ఆ ఏడు ఆలస్యంగా ఒక్క వాన పడింది. వేరుశనగ విత్తాలంటే నేలలో పదును, అంటే విత్తు మొలిచేంత తడి, ఉండాలి. మా ఎర్రనేలలో అది తొందరపాటు చుట్టం; కాఫీ పెట్టేలోపే లేచిపోతుంది. మంగళవాడ రైతు హనుమంతప్ప విత్తనాల డిపో దగ్గర రెండు రోజులు నిలబడి, ఉత్త చేతులతో నా దగ్గరికి వచ్చాడు.

"రేపటికి పదును పోతాదప్పా. సాహేబుకు గట్టిగా రాయి."

గట్టిగా అంటే నాకు ఇంగ్లీషే. పని ఇరుక్కుపోయే చోటును బాటిల్‌నెక్, అంటే సీసా మెడ, అంటారని కొత్తగా నేర్చుకుని ఉన్నాను. 'తాలూకా అంతటా భారీ బాటిల్‌నెక్ ఏర్పడినది' అని ఇంగ్లీషులో కొట్టి, చదువుకుని నేనే మురిసిపోయాను.

వ్యవసాయాధికారి అర్జీ చదివి కళ్లజోడు తీశాడు.

"ఏమప్పా, సీసాకు మెడ ఒక్క చోటే కదా? తాలూకా అంతా మెడైతే సీసా యాడుండాది? పైగా భారీ మెడంట! మెడ భారీగా ఉంటే నీళ్లు ధారగా పడతాయి గదా. యాడ ఇరుకో చూసొచ్చి రాయి."

"మెడో తొడో నాకెందుకు సామీ, పదును పోతాండాది," అన్నాడు హనుమంతప్ప.

ఇద్దరం డిపోకు నడిచాం. గేటు వెడల్పుగానే ఉంది. గోడౌను నిండా మూటలే. కాటా దగ్గర తూకం మనిషి వాటి మీద పడుకుని గురక పెడుతున్నాడు. బయట అంత జనం, లోపల అంత నిద్ర. లేపాను.

"చీటీ వస్తే కదన్నా తూచేది," అని మళ్లీ వాలాడు.

చీటీలు రాసేది ఒకే మేజా మీద, ఒకే గుమాస్తా. ఒక్కొక్కరి పొలం కాగితం చూసి, పేరు రాసి, సంతకం పెట్టి, చెమట తుడుచుకుని మళ్లీ మొదలు. ఇరుకు అక్కడ.

తిరిగొచ్చి ఒక్క వాక్యమే కొట్టాను: చీటీలు రాసే ఒంటి మేజాయే బాటిల్‌నెక్, గుమాస్తాతో సహా ఇంకొకటి వేయగలరు. అధికారి వేయించాడు. సాయంత్రానికి విత్తనాల మూటలు బండెక్కాయి.

"నీ ఇంగ్లీషు పని చేసిందప్పా!" అన్నాడు హనుమంతప్ప.

"ఇంగ్లీషు కాదు, మేజా," అన్నాను.

తెల్లారి విత్తాడు. బాగా మొలిచింది. తర్వాత వాన రాలేదు. కాయ పట్టలేదు, కట్టె, అంటే ఎండిన వేరుశనగ మొక్క, ఎద్దులకు మేతయింది.

అప్పటి నుంచి ఎవరొచ్చి "అంతా నిలిచిపోయింది" అన్నా, ఎక్కడో చెప్పందే మెషీనులో కాగితం ఎక్కించను. ఆ మరుసటి ఎండాకాలం హనుమంతప్ప మళ్లీ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"పైన వానకు యాడ ఇరుకో, చూసొచ్చి రాయప్పా."

కాగితం ఎక్కించలేదు. చూసి రావడానికి దారి తెలియదు. రెండు టీలు చెప్పాను.